ఉద్యోగం మానకుండా, ఇల్లు చూసుకుంటూ ఆన్‌లైన్‌లో ఆర్ఎన్: ఎల్పీఎన్ బ్రిడ్జి కోర్సు సమీక్ష

అమెరికాలో ఉద్యోగం చేస్తూ, పిల్లల్ని పెంచుకుంటూ రిజిస్టర్డ్ నర్స్ (ఆర్ఎన్) కావాలనుకునేవాళ్ళకి ఆన్‌లైన్ కోర్సు పనికొస్తుందా? పనికొస్తుంది. ఎల్పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్, ఆర్ఎన్ కంటే ఒక మెట్టు కింద) నుంచి ఆర్ఎన్‌కి వెళ్ళే బ్రిడ్జి కోర్సుని మొదటి సెమిస్టర్ నుంచి లైసెన్సు చేతికొచ్చేదాకా చేసి చూశాక నాకు తేలింది ఇది: స్క్రీన్ మీద జరిగే చదువు అన్ని కాలేజీల్లోనూ ఇంచుమించు ఒకటే. తేడా అంతా స్క్రీన్ బయటే ఉంటుంది. క్లినికల్స్, అంటే పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ, ఏ ఆస్పత్రిలో, వారంలో ఏ రోజుల్లో, ఆ చోటు ఎవరు చూసిపెడతారు, పరీక్షలు ఎలా పెడతారు, మీ రాష్ట్ర నర్సింగ్ బోర్డు ఆ చదువుని ఒప్పుకుంటుందా... కోర్సు మంచిచెడ్డలు వీటితోనే తేలతాయి. ఫీజు, వెబ్‌సైటు హంగులు తర్వాత.

మొదటిసారి ఆర్ఎన్ లైసెన్సుకి అర్హత ఇచ్చే చదువుల్లో మంచాల దగ్గర చేసే క్లినికల్ గంటలు తప్పవు. "నూటికి నూరు శాతం ఆన్‌లైన్" అన్న ప్రకటన చూస్తే, అది చాలావరకు ఇప్పటికే ఆర్ఎన్ లైసెన్సు ఉన్నవాళ్ళు బీఎస్ఎన్ (నర్సింగ్‌లో బ్యాచిలర్ డిగ్రీ) పూర్తిచేసుకునే కోర్సు అయి ఉంటుంది. అలాంటిది కాకపోతే దానికి దూరంగా ఉండటం మంచిది. 2023 జనవరిలో ఫ్లోరిడాలో బయటపడ్డ దొంగ డిప్లొమాల కేసులో 7,600కి పైగా నకిలీ పత్రాలు అమ్ముడుపోయాయని తేలింది. ఎఫ్‌బీఐ , ఆరోగ్యశాఖ వాళ్ళ దర్యాప్తుకి ఆపరేషన్ నైటింగేల్ అని పేరు. ఆ పత్రాలతో పరీక్ష రాసి పాసై ఉద్యోగాల్లో చేరినవాళ్ళ లైసెన్సుల్ని కూడా తర్వాత బోర్డులు రద్దుచేశాయి.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పాలి. ఇండియాలో జీఎన్ఎం గానీ బీఎస్సీ నర్సింగ్ గానీ చేసి వచ్చినవాళ్ళు ఈ కోర్సులో చేరేముందు ఆగండి. మీ సర్టిఫికెట్లని సీజీఎఫ్ఎన్ఎస్ (విదేశీ నర్సుల చదువుని పరిశీలించే సంస్థ, ఇప్పుడు దాని పేరు ట్రూమెరిట్) ద్వారా మూల్యాంకనం చేయించుకుంటే, చాలా రాష్ట్రాల్లో మళ్ళీ చదవకుండానే లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ ఆర్ఎన్ పరీక్షకి కూర్చోవచ్చు. ఏదైనా సబ్జెక్టు తక్కువైందంటే ఆ ఒక్కటీ పూర్తిచేస్తే చాలు. తెలియక మొత్తం చదువు మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళున్నారు, అది చూస్తే నిజంగా బాధేస్తుంది.

కాలేజీ ఎంపికలో రెండు ముద్రలు చూడాలి. ఒకటి మీ రాష్ట్ర బోర్డు ఆమోదం. అది లేకపోతే పరీక్షకే కూర్చోలేరు. రెండోది ఏసీఈఎన్, సీసీఎన్ఈ, ఎన్ఎల్ఎన్ సీఎన్ఈఏ, నర్సింగ్ కోర్సుల నాణ్యత చూసే ఈ మూడు సంస్థల్లో ఒకదాని గుర్తింపు. ఇది లేకుండా లైసెన్సు వచ్చినా, తర్వాత బీఎస్ఎన్‌కో మాస్టర్స్‌కో వెళ్ళబోతే చాలా కాలేజీలు క్రెడిట్లు తీసుకోవు. కాలేజీ మొత్తానికి ఉన్న గుర్తింపు చూపించి నర్సింగ్ కోర్సుకీ ఉన్నట్టు మాట్లాడే అడ్మిషన్ కౌన్సెలర్లు ఉంటారు, రెండూ వేర్వేరు. బోర్డు సైట్లో ఒక్కో కాలేజీకి మొదటి ప్రయత్నంలో ఎంతమంది పాసయ్యారో చాలా రాష్ట్రాలు ఏటా పెడతాయి. ఒక్క ఏడాది అంకె చూసి మోసపోవద్దు, నాలుగైదేళ్ళ వరస చూడండి.

కాలేజీ ఒక రాష్ట్రంలో, మీరు ఇంకో రాష్ట్రంలో ఉంటే, మీ రాష్ట్రపు లైసెన్సు నిబంధనలకి ఆ కోర్సు సరిపోతుందో లేదో కాలేజీ మీకు తెలియజేయాలి. ఆ ముక్క ఈమెయిల్లో రాయించుకోండి. ఎన్‌సీ సారా అనే ఒప్పందం పేరు చెప్పి "అన్ని రాష్ట్రాల్లో చెల్లుతుంది" అంటే నమ్మకండి. ఆ ఒప్పందం పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పడానికి అనుమతి మాత్రమే, లైసెన్సుకి దాంతో సంబంధం లేదు. ప్రాజెక్టు మారినప్పుడల్లా ఊరు మారే ఐటీ కుటుంబాలకి ఇది మరీ ముఖ్యం. భర్తకో భార్యకో కొత్త రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి కోర్సు మధ్యలో ఇల్లు మారితే, పాఠాలు ఆగవు గానీ క్లినికల్ చోటు పోతుంది. ఆ రాష్ట్రంలో కాలేజీకి అనుమతి లేకపోతే కోర్సు అక్కడితో ఆగినట్టే.

ప్రీరిక్విజిట్స్, అంటే నర్సింగ్‌లో చేరేముందే పూర్తిచేయాల్సిన సబ్జెక్టుల విషయంలో ఆన్‌లైన్ అక్షరాలా వరం. అనాటమీ ఫిజియాలజీ ఒకటి, రెండు, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్, డెవలప్‌మెంటల్ సైకాలజీ దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీ నుంచి ఆన్‌లైన్‌లో తక్కువ ఫీజుతో చేసేసుకోవచ్చు. రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. ల్యాబ్ కూడా ఆన్‌లైన్‌లో చేస్తే కొన్ని నర్సింగ్ కాలేజీలు ఆ క్రెడిట్ ఒప్పుకోవు, చేరేముందే అడగాలి. సైన్స్ సబ్జెక్టులకి కాలదోషం కూడా ఉంటుంది, చాలాచోట్ల 5 నుంచి 7 ఏళ్ళు. అనాటమీ రెండో భాగాన్నీ మైక్రోబయాలజీనీ ఒకే సెమిస్టర్లో పెట్టుకోకండి, ఉద్యోగంతో పాటు ఆ రెండూ కలిస్తే ఏదో ఒకదాంట్లో గ్రేడు పడిపోతుంది. ప్రవేశానికి టీస్ అనే పరీక్ష అడిగితే 170 ప్రశ్నలు, 209 నిమిషాలు. అందులో సైన్స్ 50 ప్రశ్నలకి 60 నిమిషాలు, చాలామందికి మార్కులు పోయేది అక్కడే.

ఇక అసలు లెక్క, గంటలది. ఒక క్రెడిట్ అంటే వారానికి సుమారు 3 గంటల పని. క్లినికల్ క్రెడిట్ చాలాచోట్ల సెమిస్టర్‌కి 45 గంటలు. ఉదాహరణకి 5 థియరీ, 3 క్లినికల్ క్రెడిట్లున్న మెడ్ సర్జ్ (పెద్దవాళ్ళ జబ్బులు, ఆపరేషన్ల నర్సింగ్) కోర్సు తీసుకోండి. థియరీకి వారానికి 15 గంటలు. క్లినికల్ 135 గంటలు, 15 వారాలకి పంచితే వారానికి 9. పేషెంటుకి ఏ సేవ ఎలా చేయాలో చెప్పే కేర్ ప్లాన్ రాయడానికి 4, 5 గంటలు వేసుకోండి. మొత్తం 28, 29 గంటలు, అదీ ఒక్క కోర్సుకి. వారానికి మూడు పన్నెండు గంటల షిఫ్టులు చేసేవాళ్ళకి అక్కడ 36 గంటలు. ఇక వంట, పిల్లల హోంవర్కు, నిద్ర మిగిలిన దాంట్లోంచే రావాలి. కోర్సుని 7, 8 వారాలకి కుదించి "త్వరగా పూర్తవుతుంది" అని చెప్పేవాటిల్లో గంటలు తగ్గవు, వారానికి రెట్టింపవుతాయి. 3 క్రెడిట్ల థియరీ కోర్సు 9 గంటల బదులు 18 గంటలు అడుగుతుంది. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ కుదించిన కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి తీసుకోవచ్చు గానీ రెండు ఒకేసారి వద్దు.

నా సలహా, మెడ్ సర్జ్ సెమిస్టర్లలో పనిని వారానికి రెండు షిఫ్టులకి తగ్గించుకోవాలి. 24 గంటలకి కూడా ఇన్సూరెన్స్ ఇచ్చే ఆస్పత్రులున్నాయి, హెచ్ఆర్‌ని ముందే అడిగి ఖాయం చేసుకోండి. నైట్ షిఫ్టు దిగి అదే పొద్దున క్లినికల్‌కి వెళ్ళడం చాలా కాలేజీల్లో నిషేధం. నిషేధం లేని చోట కూడా ఆ పని చేయకండి, నిద్రమత్తులో మందులిస్తే నష్టపోయేది పేషెంటు.

క్లినికల్స్ సంగతి అడిగేటప్పుడు "మీరు చూసిపెడతారా, నేను వెతుక్కోవాలా" అన్న ప్రశ్న సూటిగా వేయాలి. వార్డులో దగ్గరుండి నేర్పే నర్సుని, అంటే ప్రిసెప్టర్ని, విద్యార్థే వెతుక్కోవాలన్న కోర్సు ఉద్యోగస్తులకి గండమే. ఆస్పత్రులు ముందుగా స్థానిక కాలేజీలకే చోటిస్తాయి, మీ వంతు వచ్చేసరికి ఒక సెమిస్టర్ గడిచిపోతుంది. వారాంతం క్లినికల్స్ ఉన్నాయంటారు, కానీ పిల్లల వార్డు, ప్రసూతి, మానసిక వైద్యం తరచుగా వారం మధ్యలోనే పడతాయి. షిఫ్టు పొద్దున 6:45కి మొదలు, చాలా డేకేర్లు అప్పటికి తెరవవు. అవి తెరిచేదాకా పిల్లల దగ్గర ఎవరో ఒకరు ఖాయంగా ఉండాలి, వాళ్ళకి జ్వరమొస్తే ఇంకొకరు ఉండాలి. థియరీ రాత్రి పదకొండుకి చదువుకోవచ్చు. క్లినికల్ ఒక్కరోజు పోతే మేకప్ రోజు దొరకాలి, రెండు పోతే చాలాచోట్ల కోర్సే పోతుంది.

క్లినికల్‌కి ముందు కాగితాల పని కనీసం ఏడెనిమిది నెలల ముందు మొదలుపెట్టండి. కారణం హెపటైటిస్ బీ: మూడు డోసుల టీకా సున్నా, ఒకటి, ఆరు నెలల వరసలో పడాలి, తర్వాత టీకా పనిచేసిందో లేదో చూసే టైటర్ రక్తపరీక్ష. ఎమ్ఎమ్ఆర్, చికెన్‌పాక్స్ టైటర్లు, టీడ్యాప్, ఫ్లూ టీకా, బీఎల్ఎస్ సీపీఆర్ కార్డు, వేలిముద్రలు, డ్రగ్ టెస్టు ఉండనే ఉంటాయి. టీబీ పరీక్ష దగ్గర మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కుంటారు. చిన్నప్పుడు బీసీజీ వేయించుకున్నవాళ్ళకి చర్మం మీద చేసే పరీక్ష వట్టినే పాజిటివ్ చూపించవచ్చు, ఆపైన ఎక్స్‌రేలు, ఫారాలు. మొదటే క్వాంటిఫెరాన్ రక్తపరీక్ష చేయమని అడగండి. బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు.

స్కిల్స్ ల్యాబ్ కొన్ని కాలేజీల్లో వారాంతం క్యాంపస్‌లో, కొన్నిట్లో వీడియో తీసి పంపాలి. వీడియోలో ఫెయిలయ్యేది తెలియక కాదు, కెమెరాకి కనపడక. స్టెరైల్ గ్లవ్స్ వేసుకునేటప్పుడు చేతులు క్షణం సేపు నడుము కిందికి దిగినా, ఫ్రేములోంచి తప్పుకున్నా స్టెరిలిటీ పోయినట్టే లెక్కేస్తారు. మొదటి గ్లవ్‌ని మడత లోపలి వైపే పట్టుకోవాలి, రెండోదానికి గ్లవ్ వేసిన వేళ్ళు మడత కిందికి పోవాలి. పరిచిన స్టెరైల్ గుడ్డ చుట్టూ అంగుళం అంచు స్టెరైల్ కాదు. ఫోన్‌ని ఛాతీ ఎత్తులో, బల్లకి కొంచెం పక్కగా పెడితే ఇవన్నీ కనిపిస్తాయి.

మందుల మోతాదు లెక్కల పరీక్షకి పాస్ మార్కు చాలాచోట్ల 90 శాతం పైనే, కొన్నిట్లో నూటికి నూరు. ఒక్క లెక్క చూడండి. పేషెంటు బరువు 176 పౌండ్లు, హెపారిన్ కిలోకి గంటకి 18 యూనిట్లు, బ్యాగులో 250 ఎమ్ఎల్‌కి 25,000 యూనిట్లు. 176ని 2.2తో భాగిస్తే 80 కిలోలు. గంటకి 1,440 యూనిట్లు. ఎమ్ఎల్‌కి 100 యూనిట్లు కాబట్టి పంపు గంటకి 14.4 ఎమ్ఎల్ మీద పెట్టాలి. పౌండ్లని కిలోలు చేయడం మరిచిపోతే 31.7 వస్తుంది, రెట్టింపు కంటే ఎక్కువ రక్తం పల్చబరిచే మందు. ఈ పరీక్షలో కరుకుదనం ఎందుకో ఆ అంకె చూస్తే అర్థమవుతుంది.

థియరీ పరీక్షలు ఇంట్లోనే, కెమెరా ముందు. పరీక్షప్పుడు వేరే ఏదీ తెరవనివ్వని లాక్‌డౌన్ బ్రౌజరు ఆఫీసు ల్యాప్‌టాప్ మీద ఎక్కదు, కంపెనీ అనుమతి ఉండదు. సొంతది కావాలి. గది మొత్తం కెమెరాకి చూపించాలి, మధ్యలో పిల్లాడు తలుపు తోసినా, ప్రశ్న పైకి చదువుకున్నా అనుమానం కింద నమోదవుతుంది, తర్వాత వివరణలు ఇచ్చుకోవాలి. లైబ్రరీలో స్టడీ రూమ్ బుక్ చేసుకోవడం ఇంటికంటే నయం. పాస్ మార్కు చాలా నర్సింగ్ కోర్సుల్లో 75 నుంచి 78, పైకి సవరించరు. హోంవర్కు మార్కులు ఆదుకుంటాయనుకోవద్దు. పరీక్షల సగటు గీత దాటాకే మిగతావి కలిపే కోర్సులు ఎక్కువ.

డబ్బు విషయం. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు చదువుకి ఇచ్చే సాయం ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను లేకుండా తీసుకోవచ్చు, అది మొదట అడగండి. సాధారణంగా ఎన్నాళ్ళు అక్కడే పనిచేయాలో రాయించుకుంటారు, ఆ షరతు చదివి సంతకం పెట్టండి. తక్కువ ఆదాయం ఉన్న విద్యార్థులకి ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటు, 2024-25లో గరిష్ఠంగా 7,395 డాలర్లు, పౌరులకీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ వస్తుంది, హెచ్1బీ, హెచ్4 మీద రాదు. డిగ్రీ ఉన్నవాళ్ళకీ రాదు, ఇండియాలో చేసిన డిగ్రీ కూడా సాధారణంగా లెక్కలోకే వస్తుంది. ఎఫ్1 మీద ఉన్నవాళ్ళకి ఫుల్‌టైమ్ లెక్కలో సెమిస్టర్‌కి ఒక్క ఆన్‌లైన్ కోర్సే చెల్లుతుంది, కాబట్టి ఈ దారి వాళ్ళది కాదు.

చివరి సెమిస్టర్ అవుతుండగానే బోర్డుకి లైసెన్సు దరఖాస్తు, పరీక్ష నిర్వహించే పియర్సన్ వ్యూ దగ్గర 200 డాలర్లు కట్టి ఎన్‌క్లెక్స్ రిజిస్ట్రేషన్ పెట్టుకోవాలి. రెండుచోట్లా పేరు పరీక్షకి చూపించే గుర్తింపు కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే పరీక్ష కేంద్రం గుమ్మంలోంచే పంపేస్తారు. పరీక్ష 85 నుంచి 150 ప్రశ్నలు, 5 గంటలు. 2023 ఏప్రిల్ నుంచి కేస్ స్టడీలు చేరాయి, ఒక్కో కేసుకి ఆరు ప్రశ్నలు. రికార్డు చదివి ఏది ముందు చేయాలో తేల్చుకునే ఈ ప్రశ్నలకి క్లినికల్స్ శ్రద్ధగా చేసినవాళ్ళే నిలబడతారు. పరీక్ష తప్పితే 45 రోజులు ఆగి మళ్ళీ రాయాలి. కోర్సు ముగిశాక ఎక్కువ నెలలు గ్యాప్ ఇవ్వకండి.

పూర్తి ఆన్‌లైన్ అన్న మాట నిజమయ్యేది ఆర్ఎన్ తర్వాతే. ఆర్ఎన్ నుంచి బీఎస్ఎన్ కోర్సుల్లో అసైన్‌మెంట్లు, ఒక కమ్యూనిటీ ప్రాక్టికమ్ (ఆస్పత్రి బయట జనం మధ్య చేసే ప్రాక్టికల్) తప్ప వార్డులకి వెళ్ళే పని పెద్దగా ఉండదు, రెండు షిఫ్టుల మధ్య హాయిగా చేసుకోవచ్చు. న్యూయార్క్‌లో 2017 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం కొత్త ఆర్ఎన్‌లు లైసెన్సు వచ్చిన పదేళ్ళలోపు బీఎస్ఎన్ తెచ్చుకోవాలి. అక్కడ స్థిరపడాలనుకునేవాళ్ళు బ్రిడ్జిలో చేరే రోజే క్రెడిట్లు ఏ కాలేజీకి బదిలీ అవుతాయో చూసుకుంటే స్టాటిస్టిక్స్ లాంటివి రెండోసారి చదవాల్సిన పని ఉండదు.