మీగడ కట్టే పాలు: బెంగళూరులో హోమోజినైజ్ చేయని ఆవుపాలపై సమీక్ష

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు స్థిరపడిన తెలుగు కుటుంబాలలో ప్యాకెట్ పాల పెరుగు మీద సరిగా మీగడ కట్టదన్న మాట తరచుగా వినిపిస్తుంది. నగర శివార్లలోని ఒక చిన్న డెయిరీ పాశ్చరైజ్ చేసి (క్రిములు చచ్చేలా వేడిచేసి), హోమోజినైజ్ (కొవ్వు బిందువులను చిన్నవిగా చీల్చి పాలంతటా కలిసిపోయేలా చేయడం) మాత్రం చేయకుండా గాజు సీసాలలో ఇంటికి పంపే ఆవుపాలను కొన్నాళ్లుగా మా ఇంట్లో వాడుతున్నాము. వీటి ధర మామూలు ప్యాకెట్ పాలకు దాదాపు రెట్టింపు కనుక, ఆ అదనపు సొమ్ము దేనికో కొనేవారికి స్పష్టంగా తెలియాలి.

రాత్రంతా ఫ్రిజ్‌లో కదపకుండా ఉంచిన సీసాలో ఉదయానికి లేత పసుపు మీగడ పైకి తేలి విడిగా కనిపిస్తుంది. ఈ గుణం డెయిరీ కల్పించినది కాదు. ఆవు పొదుగులోని కణాలు కొవ్వును బయటికి పంపే పద్ధతి నుంచి వచ్చినది. మన చర్మం కింద ఉండే కొవ్వు కణం ట్రైగ్లిజరైడ్లను, అంటే కొవ్వును, ఒకే పెద్ద బిందువుగా లోపల దాచుకొని, అవసరం వచ్చినప్పుడు ఎంజైములతో విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా రక్తంలోకి వదులుతుందే తప్ప, బిందువును బిందువుగా పంపదు. పాలను స్రవించే కణం అలా కాదు. అందులోని ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (కణం లోపలి పొరల అల్లిక) దగ్గర పుట్టిన చిన్న కొవ్వు బిందువు, ఒకే వరుస ఫాస్ఫోలిపిడ్లను (కణపు పొరలలో ఉండే కొవ్వు జాతి పదార్థాలను), కొన్ని ప్రొటీన్లను పైన కప్పుకొని, తోటి బిందువులతో కలిసి పెరుగుతూ కణం అంచుకు చేరుతుంది. అక్కడ కణపు పైపొర దానిని అన్ని వైపులా కమ్ముకోగా, బిందువు ఆ పొరతో సహా తెగి పాలలో పడుతుంది. తన ఒంటి పొరలోనే కొంత తెంచి ప్రతి బిందువుకూ తొడిగి పంపే ఈ కణం పని ఎన్నిసార్లు చదివినా నాకు అద్భుతంగానే అనిపిస్తుంది.

నేతికి ప్రత్యేకమైన రుచినిచ్చే బ్యూటిరిక్ ఆమ్లం వంటి పొట్టి గొలుసుల కొవ్వు ఆమ్లాలు కూడా ఈ కణంలోనే తయారవుతాయి. ఆవు నెమరు పొట్టలో మేత పులిసినప్పుడు పుట్టే ఎసిటేట్ వాటికి ముఖ్యమైన ముడిసరుకు. పొడవు గొలుసులవి ఎక్కువగా రక్తం నుంచి వస్తాయి.

ఆవుపాలలో ఈ బిందువుల సగటు వ్యాసం సుమారు 4 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఫ్రాన్స్‌లో ఓగుస్త్ గోలాన్ 1899లో పేటెంట్ పొందిన హోమోజినైజేషన్ పద్ధతిలో, పాలను అధిక పీడనంతో సన్నని సందు గుండా నెట్టి, ఆ బిందువులను 1 మైక్రాన్ కంటే చిన్నవిగా చీలుస్తారు. అప్పుడు పెరిగిన ఉపరితలానికి పాత పొర చాలదు. పాలలోని కేసిన్ ప్రొటీన్ వచ్చి ఆ ఖాళీని కప్పుతుంది. అటువంటి బిందువులు పైకి తేలవు, చిలికినా సులభంగా ఒకదానికొకటి అతుక్కోవు.

ఈ సీసా పాలను మా అత్తగారు తోడుపెట్టి, మీగడను దాచి చిలికితే, వెన్న శ్రమ లేకుండా పడుతోంది. కవ్వం దెబ్బకు బిందువుల పొరలు చిరిగి, లోపలి కొవ్వు ముద్దకడుతుంది. చిరిగిన పొరల ఫాస్ఫోలిపిడ్లు చాలావరకు మజ్జిగలోకి పోతాయి. కాచిన నెయ్యి పూస కట్టింది, వాసన కూడా చాలా బాగుంది.

లోపాలూ ఉన్నాయి. సీసాను బాగా ఊపకుండా వంచితే మొదటి గ్లాసులో మీగడ, చివరి గ్లాసులో పలుచని పాలు వస్తాయి. కొవ్వు 3.2 శాతానికి తగ్గదని మాత్రమే ముద్రించారు. ఋతువును బట్టి ఎంత మారుతుందో చెప్పలేదు. నన్ను ఎక్కువగా బాధపెట్టింది సీసాతో వచ్చే కరపత్రం. హోమోజినైజ్ చేసిన పాలు గుండెకు చేటు అని అందులో రాశారు. ఆ పాలలోని జాంథీన్ ఆక్సిడేజ్ అనే ఎంజైము రక్తంలోకి చేరి ధమనులను పాడుచేస్తుందన్న వాదం 1970లలో వచ్చిన మాట నిజమే కానీ, తరువాతి పరిశోధనలు దానిని సమర్థించలేదు. ఇంత మంచి సరుకును భయపెట్టి అమ్మవలసిన అవసరం లేదు, ఆ వాక్యాన్ని తీసివేయాలి.

పెరుగు, వెన్న, నెయ్యి ఇంట్లో చేసుకునేవారు ఈ పాలను నిస్సంకోచంగా కొనవచ్చు. కాఫీ, టీలకు మాత్రమే పాలు వాడే ఇంటికి మామూలు ప్యాకెట్ సరిపోతుంది. వైద్యులు కొవ్వు తగ్గించమన్నవారు పైమీగడ తీసి వాడుకోవచ్చు కానీ, అలా తీసినా కొంత కొవ్వు పాలలో మిగిలే ఉంటుంది కనుక వారికి కొవ్వు బాగా తగ్గించిన డబుల్ టోన్డ్ పాలే మేలు.