లండన్‌లో ఇంగ్లిష్ పెయింటింగులు: ఎక్కడ ఆగాలి, ఏది వదిలేయొచ్చు

లండన్ వెళ్లిన మనవాళ్లు లండన్ ఐ ఎక్కుతారు, మేడమ్ టుస్సాడ్స్‌లో మైనపు బొమ్మల పక్కన ఫొటో దిగుతారు. రెండింటికీ డబ్బు బాగానే వదులుతుంది. నేషనల్ గ్యాలరీ, టేట్ బ్రిటన్, నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ మాత్రం ఉచితం. ప్రత్యేక ఎగ్జిబిషన్లకే టికెట్ కొనాలి.

ట్రఫాల్గర్ స్క్వేర్‌లోని నేషనల్ గ్యాలరీలో గదులన్నీ తిరగాలని పెట్టుకుంటే కాళ్లనొప్పులు తప్ప ఏమీ మిగలదు. మేం ఇటలీ, హాలండ్ గదులు దాటేసి నేరుగా ఇంగ్లిష్ చిత్రకారుల దగ్గరికి వెళ్లిపోయాం. 1750 ప్రాంతంలో గెయిన్స్‌బరో వేసిన ‘మిస్టర్ అండ్ మిసెస్ ఆండ్రూస్’లో కొత్త దంపతులు ఓ పక్కకు ఒదిగి ఉంటారు, మిగతా సగానికి పైగా వాళ్ల భూమే. కోసి నిలబెట్టిన గోధుమ పనలు, దూరంగా గొర్రెలు. పెళ్లి ఫొటో అనాలో, పట్టాదారు పాస్‌బుక్ అనాలో తెలియదు. దగ్గరికెళ్లి ఆమె ఒడిలోకి చూడండి. అంత శ్రద్ధగా వేసిన నీలి గౌను మధ్యలో కాస్త మేర రంగు పూర్తి చేయకుండా వదిలేశాడు. అక్కడ ఏం వేయాలనుకున్నాడో ఇప్పటికీ ఊహాగానాలే.

టర్నర్ ‘ఫైటింగ్ టెమెరేర్’ (1839) ముందు ఎప్పుడూ జనమే. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో పోరాడిన ఓడను, పొగ కక్కే చిన్న ఆవిరి పడవ తుక్కుకు లాక్కెళ్తుంటుంది. జేబులో ఇరవై పౌండ్ల నోటు ఉంటే తీసి చూడండి, టర్నర్ ముఖం వెనక అదే ఓడ ఉంటుంది.

చారిత్రక చిత్రాల్లో మమ్మల్ని పట్టి నిలబెట్టింది ‘లేడీ జేన్ గ్రే’. 1554లో తల నరికించుకున్న టీనేజీ రాణి, కళ్లకు గంతలతో, తల పెట్టాల్సిన దిమ్మ కోసం చేతులు చాచి తడుముకుంటుంది. కింద నెత్తురు పీల్చడానికి గడ్డి. కథ ఇంగ్లండ్‌దే గానీ 1833లో దీన్ని వేసిన డెలరోష్ ఫ్రెంచివాడు. శిక్ష అసలు జరిగింది ఆరుబయట, ఈయన చీకటి గదిలోకి మార్చేశాడు. నాటకీయత కాస్త ఎక్కువైందనే నా అభిప్రాయం, అయినా చూపు తిప్పుకోలేం.

శుక్రవారం ఈ గ్యాలరీ రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటుంది. సాయంత్రం రద్దీ తగ్గాక వెళ్లడం మేలు. పెద్ద సూట్‌కేసులతో వెళ్తే లోపలికి రానివ్వరు.

టర్నర్ మీద నిజంగా ఇష్టముంటే టేట్ బ్రిటన్ తప్పనిసరి. పిమ్లికో స్టేషన్‌లో దిగి కాసేపు నడవాలి. ఆయన దేశానికి వదిలి వెళ్లిన చిత్రాల్లో చాలా భాగం ఇక్కడే ఉంది. చివరి రోజుల చిత్రాల్లో సముద్రం ఏదో ఆకాశం ఏదో తేలదు, మా ఆవిడైతే “ఇది పూర్తయిందా?” అని అడిగింది. నాకు మాత్రం మూడింటిలో ఇదే నచ్చింది. ఇక్కడ తోపులాట లేదు, కూర్చోవడానికి చోటుంది.

పోర్ట్రెయిట్ గ్యాలరీని ఒక్క పూటలో ముగించొచ్చు. రాజులూ రాణులూ ఒక దశ దాటాక ఒకేలా కనిపిస్తారు. ప్లాసీ యుద్ధం తర్వాత క్లైవ్, మీర్ జాఫర్ కలుసుకోవడాన్ని హేమన్ వేసిన చిత్రం దగ్గర మాత్రం మనవాళ్లు ఆగాల్సిందే. ఇలాంటివి చూస్తే నాకు హికీ 1816లో వేసిన కల్నల్ మెకంజీ చిత్రం గుర్తొస్తుంది. అది బ్రిటిష్ లైబ్రరీది. మన ఊళ్ల కైఫీయతులు, అంటే గ్రామ చరిత్రలు సేకరింపజేసిన ఆ మెకంజీ చుట్టూ ముగ్గురు భారతీయులు ఉంటారు, వారిలో ఒకరు మెకంజీ దగ్గర పనిచేసిన తెలుగు పండితుడు కావలి లక్ష్మయ్య అంటారు. దొరల పోర్ట్రెయిట్‌లో ఒక తెలుగువాడు పనివాడిగా కాక పండితుడిగా నిలబడటం అరుదే.

బస సంగతి. సెంట్రల్ లండన్ హోటళ్ల రేట్లు చూసి ఈస్ట్‌హామ్‌లో ఓ గెస్ట్‌హౌస్ తీసుకున్నాం. ఇరుకు మెట్లు, లిఫ్ట్ లేదు, పొద్దున్నే వేడినీళ్లకు క్యూ. పెద్దవాళ్లతో వెళ్లేవారికి వద్దనే చెబుతాను. కానీ వీధిలోకి వస్తే ఇడ్లీ, దోసె దొరుకుతాయి. డిస్ట్రిక్ట్ లైన్ ఎక్కితే ఎంబాంక్‌మెంట్ దాకా మారే పని లేదు, అక్కడి నుంచి ట్రఫాల్గర్ స్క్వేర్ నడకే.

ఒక రోజు మిగిలితే ఫ్లాట్‌ఫర్డ్ వెళ్లండి. చిత్రకారుడు కాన్‌స్టబుల్ వేసిన ‘హే వెయిన్’ (గడ్డి బండి, 1821)లో బండి దిగిన నీళ్లు అక్కడివే. అక్కడి మిల్లు కాన్‌స్టబుల్ వాళ్ల నాన్నది. అయితే ఆ పెద్ద చిత్రాన్ని వేసింది మాత్రం లండన్ స్టూడియోలో, పాత స్కెచ్‌లు ముందేసుకుని. లివర్‌పూల్ స్ట్రీట్ నుంచి మానింగ్‌ట్రీకి రైల్లో దాదాపు గంట, తర్వాత స్టౌర్ నది వెంట సుమారు రెండు మైళ్ల నడక. చిత్రంలో ఎడమవైపున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. చెట్లు మారాయి, బండి లేదు, ఆ తెల్లమబ్బుల ఆకాశం మాత్రం అలాగే ఉంది. టీ దుకాణంలో శాకాహారులకు సూప్, కేకులతో సరిపెట్టుకోవాలి, పులిహోర కట్టుకెళ్తే నయం. వాన పడితే దారంతా బురద, చెప్పులతో వెళ్లొద్దు. పీక్ టైమ్ దాటాక బయల్దేరితే రైలు టికెట్ తక్కువకొస్తుంది.