ఆటగాళ్లకు నమ్మకమైన గడియారమే, ఆర్బిటరుకే ఓపిక కావాలి

కర్నూలులోని మా చదరంగం క్లబ్బు కోసం ఒక క్రీడాసామగ్రి దుకాణం ద్వారా తెప్పించుకున్న ఈ డిజిటల్ గడియారానికి అసలైన పరీక్ష, ఇద్దరు సీనియర్ ఆటగాళ్ల మధ్య డ్రాగా ముగిసిన చివరి రౌండు ఆటలో ఎదురైంది. ఒక్కొక్కరికి 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల అదనపు సమయం పెట్టిన ఆ ఆటలో చివరికి తెల్లపావుల వైపు ఏనుగు, బంటు, నల్లపావుల వైపు ఏనుగు మాత్రమే మిగిలాయి. ఇద్దరికీ ఉన్న సమయం నిమిషం లోపే. నల్లపావుల ఆటగాడు ఫిలిడోర్ రక్షణను (ఏనుగు, బంటులకు ఎదురుగా ఒంటి ఏనుగుతో డ్రా సాధించే పద్ధతిని) ఆశ్రయించి, ఏనుగును తెల్లవైపు నుంచి లెక్కిస్తే ఆరవ వరుసలో నిలిపి తెల్లరాజును ముందుకు రానివ్వలేదు. బంటు ఆరవ వరుసలోకి అడుగుపెట్టగానే ఏనుగును మొదటి వరుసకు దించి వెనుక నుంచి చెక్‌లు ఇవ్వడం అందులోని కిటుకు. అది ఎరిగిన ప్రత్యర్థి బంటును కదపక ఏనుగునే అటూ ఇటూ తిప్పసాగారు. ఎత్తుకింత అని సమయం కలపలేని పాత ముళ్ల గడియారమైతే ఈపాటికి ఎవరో ఒకరి సమయం అయిపోయి జెండా పడి, సమానంగా సాగిన ఆట అన్యాయంగా తేలిపోయేది.

బల్లమీద అదే స్థితి మూడోసారి వస్తే డ్రా కోరవచ్చు; అలా రాబోతుండగా నల్లపావుల ఆటగాడు తన ఎత్తును బల్లమీద ఆడకుండా స్కోర్‌షీటులో (ఎత్తులు రాసుకునే కాగితంలో) రాసి, గడియారం ఆపి, ఆర్బిటరును (పోటీ నిర్ణేతను) పిలిచారు. మధ్య బటన్ ఒక్కసారి నొక్కగానే రెండు వైపులా సమయం ఆగింది. షీట్లు సరిచూసి ఆర్బిటరు డ్రా ప్రకటించారు. ఆ డ్రా కోరిక తప్పని తేలి ఉంటే ప్రత్యర్థికి 2 నిమిషాలు కలపవలసి వచ్చేది, ఈ గడియారం ఇబ్బంది పెట్టేది సరిగ్గా అక్కడే. పక్క బల్ల మీద ఎవరో నిబంధనకు విరుద్ధమైన ఎత్తు వేసినప్పుడు, ఆ 2 నిమిషాలు కలపడానికి ఆర్బిటరు చీమతలకాయంత అక్షరాల ఇంగ్లీషు కరపత్రం ముందేసుకుని ఒక్కొక్క అంకెనూ మార్చుకుంటూ పోవలసి వచ్చింది.

తెరమీది ఎత్తుల లెక్కనూ నమ్మకూడదు; అది లీవరు (ఎత్తు వేశాక నొక్కే మీట) నొక్కిన సార్లనే లెక్కిస్తుంది కనుక, 50 ఎత్తుల నియమం (ఇరువైపులా 50 ఎత్తుల పాటు బంటు కదలక, ఏ పావూ పోకపోతే డ్రా) కింద డ్రా కోరేవారికి స్కోర్‌షీటే ఆధారం. 20 నిమిషాలకు పైన సెకన్లు కనిపించకపోవడం చిన్న లోపం, అలవాటైపోతుంది. పోటీలు నిర్వహించే క్లబ్బులు నిస్సంకోచంగా కొనవచ్చు. ఇంట్లో పిల్లల బ్లిట్జ్ (కొద్ది నిమిషాల్లో ముగిసే) ఆటలకైతే లీవరు మరీ బిగుతు, ఫోన్‌లోని గడియారం యాప్ సరిపోతుంది.