మొటిమలకు వేప, పసుపు, టీ ట్రీ నూనె: ఏది మేలు?

హైదరాబాద్ కళాశాలల్లో మైక్రోబయాలజీ చదివేవారికి ఈ ప్రాజెక్టు సులువుగా కనిపిస్తుంది. వేపాకు ఆవరణలోనే దొరుకుతుంది, పసుపు కొమ్ములు బేగంబజారులో, టీ ట్రీ నూనె మందుల షాపులో దొరుకుతాయి. మూడింటి సారాలనూ కాగితపు బిళ్లలకు పట్టించి, బ్యాక్టీరియా పరిచిన అగార్ (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ) మీద పెట్టి, ఏ బిళ్ల చుట్టూ పెద్ద నిరోధ వలయం, అంటే బ్యాక్టీరియా పెరగని ఖాళీ, ఏర్పడితే అదే మేలని తేల్చేస్తారు. ఆ తీర్పును నేను నమ్మను.

అగార్‌లో ఎక్కువ భాగం నీరే కాబట్టి, వలయం పరిమాణం సారం బలాన్ని మాత్రమే కాక, అది ఆ నీటిలో ఎంత దూరం పాకగలదన్న దాన్ని కూడా చూపుతుంది. పసుపులోని కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు. టీ ట్రీ నూనె సరిగా కలవకపోగా ఆవిరై పక్క బిళ్లల మీదా ప్రభావం చూపవచ్చు. వేపాకు కషాయంలో నీటికి దిగిన పదార్థాలే ఉంటాయి కనుక, వాటికి ఈ ఇబ్బంది తక్కువ. ఇథనాల్‌తో తీసిన సారమైతే, వలయం ఇథనాల్ వల్ల వచ్చింది కాదని తేల్చుకోవడానికి, ఇథనాల్ ఒక్కదానితో తడిపి ఆరబెట్టిన బిళ్ల కూడా పక్కన ఉండాలి. అది లేని ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకపోవడమే మంచిది.

సారాలను ఒకదానితో ఒకటి పోల్చాలంటే బ్రాత్ డైల్యూషన్ పద్ధతి మేలు. ద్రవ పోషకం (బ్రాత్)లో సారం గాఢతను వరుసగా సగానికి తగ్గిస్తూ పోయి, బ్యాక్టీరియా పెరుగుదలను ఆపగలిగిన కనిష్ఠ గాఢతను గుర్తిస్తారు. పసుపు రంగులో ద్రవం మసకబారిందో లేదో కంటికి తెలియదు కనుక రెసజూరిన్ అనే రంగు కలుపుతారు. బ్యాక్టీరియా బతికి ఉంటే నీలం గులాబీగా మారుతుంది. నూనె తేలిపోకుండా దాన్ని నీటిలో కలిపి ఉంచే ట్వీన్ 80 కొద్దిగా కావాలి, సారం లేకుండా ట్వీన్ ఒక్కటే ఉన్న పోలిక గొట్టం (కంట్రోల్) కూడా విడిగా ఉండాలి.

మొటిమలతో ముడిపడిన బ్యాక్టీరియా క్యూటీబ్యాక్టీరియం ఆక్నెస్‌ను 2016 వరకు ప్రొపియోనిబ్యాక్టీరియం అనేవారు. దీన్ని పెంచడానికి ఆక్సిజన్ లేని జారు, కొన్ని రోజుల ఓపిక అవసరం. అందుకే చాలామంది ఒక్క రోజులో పెరిగే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్‌తో సరిపెట్టుకుంటారు. అభ్యాసానికి అది చాలు, కానీ నివేదిక శీర్షికలో మాత్రం ఆక్నెస్ అని కాక, వాడిన ఎపిడెర్మిడిస్ పేరే రాయాలి.

ముఖం విషయానికి వస్తే లెక్క మారుతుంది. జిడ్డు, మూసుకుపోయిన రంధ్రాలు, హార్మోన్లు, వాపు కలిస్తేనే మొటిమ అవుతుంది కనుక, డిష్‌లో గెలిచిన సారం చర్మం మీదా గెలుస్తుందన్న హామీ లేదు. ఇక్కడ టీ ట్రీ నూనెకు స్పష్టమైన ఆధిక్యం ఉంది. ఆస్ట్రేలియాలో 124 మందిపై చేసి 1990లో ప్రచురించిన పరిశోధనలో 5 శాతం టీ ట్రీ జెల్, మొటిమలకు వాడే పూతమందు బెంజాయిల్ పెరాక్సైడ్ (5 శాతం) రెండూ మొటిమలను తగ్గించాయి. టీ ట్రీ నెమ్మదిగా పనిచేసింది, కానీ దుష్ప్రభావాలు తక్కువగా కనిపించాయి. వేపకు, పసుపుకు ఉన్న ఆధారం ఇంతకంటే బలహీనం. పైగా వంటింటి కషాయం బలం ఆకు ముదురును బట్టి, మరిగించిన సేపును బట్టి మారిపోతుంది. పసుపు మరక సంగతి చెప్పనక్కర్లేదు.

కాబట్టి ప్రాజెక్టుకు నా ఓటు వేపకు, అదీ బ్రాత్ పద్ధతిలో. ముఖానికైతే మొదట 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్. బట్టల రంగును పోగొడుతుందన్న మాట నిజమే గానీ, యాంటీబయాటిక్ పూతల మాదిరిగా బ్యాక్టీరియాలో నిరోధకతను పెంచదు. అది మంట పుట్టిస్తే 5 శాతం టీ ట్రీ జెల్ ప్రయత్నించవచ్చు, మొదట చేతి మీద రాసి చూసుకున్నాకే. నూనెను నేరుగా ఎన్నడూ పూయకూడదు, మింగితే విషం. గాలి తగిలి పాతబడిన నూనె అలర్జీ తెచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, మన ఎండాకాలంలో కిటికీ పక్కన మిగిలిపోయిన సీసాను పారేయడమే మేలు. లోతైన గడ్డలు, మచ్చలు పడుతుంటే ఈ మూడింటినీ పక్కనపెట్టి చర్మ వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.