మా కళాకేంద్రం కొత్త కార్యక్రమాలు: సయనోటైప్‌కు తప్పక వెళ్లండి

కళాకేంద్రం రాబోయే కార్యక్రమాల పట్టిక విడుదల చేసింది. అందులో నా మనసు దోచింది సయనోటైప్ శిక్షణ, అంటే ఎండతో కాగితం మీద నీలిరంగు బొమ్మలు ముద్రించే పద్ధతి. పోయినసారి నేర్చుకున్నాను కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను, వదులుకోకండి. ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1842లో కనిపెట్టిన ఈ ముద్రణకు కెమెరా అక్కర్లేదు. రెండు ఇనుప లవణాల ద్రావణాలను కలిపి, మసక వెలుతురులో మందపాటి కాగితానికి పూస్తారు. ఆరాక దాని మీద ఆకునో ఈకనో పెట్టి, గాజుపలకతో అదిమి ఎండలో ఉంచుతారు. పసుపుపచ్చగా ఉన్న కాగితం మెల్లగా బూడిదరంగుకు తిరుగుతుంది. మామూలు నీళ్లలో కడిగితే వెలుగు తగలని చోటు తెల్లబడుతుంది, మిగతాదంతా ముదురు నీలం. నేను పెట్టిన పలుచని ఆకు ఈనెలు కూడా విడివిడిగా పడ్డాయి! నేర్పే ఆవిడకు ఎంత ఓపికో. కాగితం ఎప్పుడు తీయాలో రంగు చూసి మనల్నే చెప్పమంటారు.

కుండల తరగతి మీద మాత్రం నాకు గట్టి అభ్యంతరం ఉంది. శని, ఆదివారాల్లో ముగిస్తామని రాశారు. మట్టిపాత్ర పూర్తిగా ఆరాలి, ఒకసారి కాలాలి, గ్లేజు (గాజులా మెరిసే పూత) పూశాక మళ్లీ కాలాలి. తడి ఆరకముందే బట్టీలో పెడితే లోపలి నీరు ఆవిరై పాత్ర పగిలిపోతుంది. ఇదంతా రెండు రోజుల్లో అయ్యే పని కాదు. గ్లేజు ఎవరు పూస్తారో, పాత్ర ఎప్పుడు చేతికిస్తారో పట్టికలో రాయాల్సిందే.

నాటకాల బహిరంగ రిహార్సల్ కూడా ఉంది, ప్రవేశం ఉచితం.

సయనోటైప్‌కు వెళ్లేవారు మధ్యాహ్నం బృందంలో చేరండి, ఎండ బాగుంటుంది. పాత బట్టలు వేసుకోండి, ఆ నీలం మరక ఒక పట్టాన వదలదు.