లాసన్స్ బేలో ఒక పిన్‌బాల్ బంగళా

విశాఖపట్నంలో ఎక్కడ దిగాలని ఎవరైనా అడిగితే, తిరగడానికి వీలు కావాలంటే ద్వారకా బస్‌స్టేషన్ పరిసరాలు, సముద్రం ఎదురుగా ఉండాలంటే బీచ్ రోడ్డు, ప్రశాంతత కావాలంటే రుషికొండ అని చెబుతుంటాను. ఈ వేసవిలో పిల్లలతో వెళ్లినప్పుడు లాసన్స్ బే కాలనీలో ఒక ఇల్లు దొరికింది. ఓడల్లో ఇంజినీరుగా పనిచేసి విరమించిన పెద్దాయన పైఅంతస్తు గదులను తెలిసినవారి ద్వారా వచ్చేవారికే ఇస్తారు. ఆయన ప్రచారం కోరుకోరు కాబట్టి పేరు రాయడం లేదు. గదులు విశాలం, నీళ్లకు లోటు లేదు, పొద్దున్నే పెసరట్టు ఉప్మా పెట్టారు. ఏసీ మాత్రం ఒక్క గదిలోనే ఉంది, మే నెలలో అది చిన్న ఇబ్బంది కాదు.

అయినా మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాను. కారణం కింది హాల్లో ఉన్న ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ పిన్‌బాల్ యంత్రం. వాలుగా ఉన్న బల్ల మీద ఉక్కు బంతి కిందికి జారిపోకుండా ఫ్లిప్పర్లనే చిన్న మీటలతో కొడుతూ పాయింట్లు తెచ్చుకునే ఆట పిన్‌బాల్.

అదే పేరుతో 1991లో వచ్చిన హాలీవుడ్ సినిమా ఆధారంగా బ్యాలీ బ్రాండు పేరుతో 1992లో దీన్ని విడుదల చేశారు. ప్యాట్ లాలర్, ల్యారీ డిమార్ రూపకల్పన చేశారు. 20 వేలకు పైగా యంత్రాలు అమ్ముడయ్యాయి. సినిమా బొమ్మలు అతికించి పేరు పెట్టిన సరుకు కాదిది. ఆ కుటుంబం ఉండే బంగళానే ఆట. బల్ల మీద పన్నెండు గదుల దీపాలు ఉంటాయి. విద్యుత్ కుర్చీ దీపం వెలుగుతున్నప్పుడు బంతిని అందులోకి కొడితే, మెరుస్తున్న గది మనదవుతుంది. ఒక గదిలో సమయం అయిపోయేలోపు కొట్టాల్సిన గురి ఇస్తారు, మరో గదిలో నేరుగా లక్షల పాయింట్లు వస్తాయి, ఇంకో గదిలో అదనపు బంతికి అవకాశం దొరుకుతుంది. అన్ని గదులూ తిరిగితే బంగళా యాత్ర పూర్తయినట్టు. ముఖ్య నటులు రౌల్ జూలియా, అంజెలికా హ్యూస్టన్ ఈ యంత్రం కోసమే ప్రత్యేకంగా మాటలు రికార్డు చేశారు. అందుకే ప్రతి గదికీ ప్రాణం ఉన్నట్టు అనిపిస్తుంది.

పిల్లలు కళ్లార్పకుండా చూసింది మాత్రం చేతిని. ఒక పెట్టె మూత లేస్తుంది, లోపలి నుంచి మణికట్టు దాకా ఉన్న చెయ్యి వస్తుంది, వేళ్ల దగ్గరి అయస్కాంతం ఉక్కు బంతిని పట్టుకుంటుంది, చెయ్యి బంతితో సహా వెనక్కి వెళ్తుంది, మూత పడుతుంది. ఇంత చిన్న జాగాలో ఇన్ని కదలికలను తప్పు లేకుండా కుదర్చడం గొప్ప పనితనం. బల్ల కింద మరో మూడు అయస్కాంతాలున్నాయి. ఆత్మలను పిలిచే గది మొదలైతే అవి పనిచేయడం మొదలుపెడతాయి, నేరుగా రావలసిన బంతి మధ్యలో వంకర తిరుగుతుంది. ఎడమవైపు పైనున్న ఫ్లిప్పర్ కొన్నిసార్లు తనంతట తాను కొడుతుంది. గురి తప్పితే తర్వాతిసారికి ఎప్పుడు కొట్టాలో యంత్రమే సరిచేసుకుంటుంది. 1992 నాటి ప్రోగ్రాములో ఇది ఉందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

“తాతగారూ, బల్లను కుదపవచ్చా?” అని మా అబ్బాయి అడిగాడు.

“కొంచెం తోయి బాబూ. గట్టిగా కుదిపితే టిల్ట్ అవుతుంది, ఫ్లిప్పర్లు ఆగిపోతాయి, బంతి పోతుంది” అన్నారాయన.

మరునాడు నగరంలోని ఒక మాల్‌లో ఆటల కేంద్రానికి వెళ్లాం. కార్డులో డబ్బు వేయించి గీకుతూ పోవడం, టికెట్ల చీటీలు పోగేసి ప్లాస్టిక్ బొమ్మ తెచ్చుకోవడం. అక్కడి పిన్‌బాల్ యంత్రానికి ఒక ఫ్లిప్పర్ నీరసంగా లేస్తోంది, రబ్బరు వలయం తెగి వేలాడుతోంది. చెబితే కుర్రాడు వినయంగా విన్నాడు కానీ, విప్పి చూసే మనిషి అక్కడ లేడు. పిన్‌బాల్ తెర మీది ఆట కాదు. సాలెనాయిడ్లు (కరెంటు పారితే మీటలను కదిలించే తీగచుట్టలు), మీటలు, స్విచ్చులు ఉన్న యంత్రం, రోజూ అరుగుతుంది. పట్టించుకునేవారు లేకపోతే ఎంత పేరున్న యంత్రమైనా ఆడడానికి పనికిరాదు.

విశాఖలో ఆ పని మరీ కష్టం. ఉప్పు గాలికి స్విచ్చుల మొనలు నల్లబడతాయి, ఇనుప భాగాలు తుప్పు పడతాయి. మా ఇంటి పెద్దాయన కిటికీలు మూసి ఉంచుతారు, అద్దం తీసి బల్లను మెత్తటి గుడ్డతో తుడిచి మైనం పూస్తారు, బంతి మీద గీత కనిపిస్తే మార్చేస్తారు. అమెరికాలో 120 వోల్టులకు అమర్చిన యంత్రాన్ని మన 230 వోల్టులకు సరిపోయేలా ట్రాన్స్‌ఫార్మర్ కనెక్షన్లు మార్చారు. నాణేలు అడగకుండా ఉచిత ఆటకు పెట్టేశారు. ఒక ఆటకు మూడు బంతులు, ఎన్ని ఆటలైనా ఆడవచ్చు. భోజనం వేళకు మాత్రం స్విచ్చు కట్టేస్తారు. వేడెక్కిన యంత్రానికి విరామం ఇవ్వాలంటారు.

మిగతా ప్రయాణం మామూలే. కైలాసగిరి రోప్‌వే దగ్గర వరుస పొడవుగా ఉంది, సాయంత్రం నాలుగుకు ముందే వెళ్లండి. కురుసుర జలాంతర్గామి మ్యూజియానికి ఆ ఇంటి నుంచి ఆటోలో వెళ్లి రావచ్చు. 1969లో నౌకాదళంలో చేరి 2001 వరకు పనిచేసిన జలాంతర్గామిలో గైడు ఓపికగా అన్నీ చూపించాడు. సోమవారం మూసి ఉంటుంది. విశాఖలో మీ మొదటి రోజు సోమవారమే అయితే, ఆ పూట పిల్లలను యంత్రం దగ్గరే ఉండనివ్వండి. ఎత్తు అందనివారికి పెద్దాయన పీట కూడా వేస్తారు.