మా కాలేజీ హాజరు యాప్‌లో నేను వదులుకోలేని ఒక్క స్క్రీన్: రెండేళ్లు వాడాక

ఫోన్‌లో అటెండెన్స్ ఎలా వేస్తారో లెక్చరర్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఇంజనీరింగ్ కాలేజీల్లో దాదాపు అందరికీ ఏదో ఒక ఈఆర్పీ, అంటే కాలేజీ పనులన్నీ చూసే సాఫ్ట్‌వేర్, ఉంది. అన్నింట్లోనూ రోల్ నంబరు పక్కన శాతం కనిపిస్తుంది, 75 దిగితే ఎర్రబడుతుంది. నేను రాస్తున్నది మా యాప్‌లో మెంటర్లకు, అంటే కొంతమంది విద్యార్థుల బాగోగులు చూసే లెక్చరర్లకు, మాత్రమే కనిపించే ఒక స్క్రీన్ గురించి. దాని పేరు ‘వీక్లీ ప్యాటర్న్’. రేపు కాలేజీ ఈ యాప్ మార్చేస్తామంటే ఈ ఒక్కదాని కోసం నేను మీటింగులో లేచి గొడవ పడతాను.

ఒక్కో విద్యార్థికీ ఒక గళ్ల పట్టిక ఉంటుంది. అడ్డంగా సోమవారం నుంచి శనివారం, నిలువుగా పీరియడ్లు. గడిచిన నాలుగు వారాల్లో ఏ గడిలో ఎన్నిసార్లు రాలేదో రంగు చెబుతుంది. ఆ పిల్లవాడి వరస అంతకుముందు తన అలవాటుకు భిన్నంగా మారితే మెంటర్ ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. క్లాసు సగటుతో గానీ 75తో గానీ పోల్చదు.

ఇందులో అంత గొప్పేముంది అంటారా, ఒక లెక్క వేసి చూడండి. సెమిస్టర్ 16 వారాలు. మొదటి ఎనిమిది వారాలు 95 శాతం వచ్చిన అమ్మాయి తొమ్మిదో వారం, పదో వారం ఒక్క రోజు కూడా రాలేదనుకోండి. పదో వారం చివర ఆమె శాతం 76. రెండు వారాలు మనిషి కనబడకపోయినా మామూలు స్క్రీన్ మీద పచ్చరంగే ఉంటుంది. అది ఎర్రబడి, మనం గమనించి, పిలిచేసరికి సెమిస్టర్ చివరికొస్తుంది. అప్పుడిక మాటలన్నీ మెడికల్ సర్టిఫికెట్, కండోనేషన్ ఫీజు (హాజరు తగ్గినా పరీక్ష రాయనిచ్చేందుకు కట్టేది) చుట్టూనే. 65 కూడా లేకపోతే డిటెన్షన్, పరీక్ష రాయనివ్వరు. 75 అన్నది పరీక్షకు ఎవరు అర్హులో తేల్చడానికి పెట్టిన గీత. ఇంట్లో ఏం జరిగిందో, పిల్లవాడు ఎందుకు ముడుచుకుపోయాడో దాన్నిబట్టి ఎలా తెలుస్తుంది?

ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ ట్రెంట్ యూనివర్సిటీ డ్యాష్‌బోర్డ్ గురించి ఒక ఎఫ్‌డీపీలో (లెక్చరర్ల శిక్షణ కార్యక్రమం) విన్నాను. వరుసగా 14 రోజులు విద్యార్థి అలికిడి లేకపోతే ట్యూటర్‌కి ఈమెయిల్ వెళ్తుందట. విద్యార్థి ఏ కుటుంబం నుంచి వచ్చాడన్నది లెక్కలోకి తీసుకోకుండా, కాలేజీలో ఏం చేస్తున్నాడన్నదే చూస్తారు. మా స్క్రీన్‌లోనూ ఈఏపీసెట్ ర్యాంకు, కేటగిరీ, బ్యాక్‌లాగులు (తప్పిన సబ్జెక్టులు) కనిపించవు. దీన్ని నేను చాలా విలువైన విషయంగా చూస్తాను. ఫలానావాడు ఎలాగూ ఇంతే అన్న ముద్ర ముందే మనసులో పడకుండా పిల్లల్ని పలకరించవచ్చు.

గత ఏడాది నా మెంటీల్లో, అంటే నేను మెంటర్‌గా ఉన్న పిల్లల్లో, మూడో సంవత్సరం ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) కుర్రాడు ఒకడు ఉండేవాడు. డిప్లొమా చేసి ఈసెట్‌లో వచ్చినవాడు. శాతం 84, కాబట్టి ఏ షార్టేజ్ జాబితాలోనూ పేరు రాదు. సెమిస్టర్ తొలి వారాల్లో ఒక్క పీరియడ్ పోనివ్వనివాడి మీద ఏడో వారంలో అలర్ట్ వచ్చింది. తెరిచి చూస్తే పొద్దున మొదటి రెండు పీరియడ్లూ వారమంతా ఎర్రగా ఉన్నాయి. మధ్యాహ్నం ల్యాబు ఒక్కటీ తప్పలేదు. చదువు మీద మనసు విరిగినవాళ్లు ముందు ఎగ్గొట్టేది మధ్యాహ్నాలు, శనివారాలు. ల్యాబులకు తు.చ. తప్పకుండా వచ్చి పొద్దున మాత్రం మానేస్తున్నాడంటే కారణం వేరే ఉందనిపించింది.

స్టాఫ్ రూమ్‌కి పిలవలేదు, అక్కడ నలుగురూ ఉంటారు. ల్యాబ్ అయ్యాక వరండాలో ఆపి, “పొద్దున ఎక్కడి నుంచి వస్తున్నావురా?” అని అడిగాను. ఎందుకు రావట్లేదని అడిగితే ఒంట్లో బాగోలేదనేవాడే.

“ఊరి నుంచి మేడమ్.”

“హాస్టల్ కదా నువ్వు?”

తల దించుకున్నాడు. కాసేపటికి ఒక్కొక్కటిగా చెప్పాడు. నాన్నకు పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది. ఇంటికి ఆధారం నాలుగు గేదెలు. తెల్లారకముందే పాలు పితికి, కేంద్రంలో పోసి, వెన్న శాతం చూపించుకుని చీటీ తీసుకునేసరికి మొదటి బస్సు వెళ్లిపోతోంది. రెండో బస్సుకి వస్తే మూడో పీరియడ్ అందుతుంది. మెస్ బిల్లు బాకీ పడి హాస్టల్ ఖాళీ చేశాడు. ఈ సంగతి రూమ్మేట్‌కి కూడా తెలియదు.

ఆ మొదటి రెండు పీరియడ్లలో పడినవి కంట్రోల్ సిస్టమ్స్, డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్). బోర్డు మీద లెక్క కట్టేటప్పుడు పక్కన లేకపోతే నోట్సు చూసి పట్టుకోవడం కష్టమైన సబ్జెక్టులు రెండూ. మొదటి మిడ్‌లో వాడికి మార్కులు తగ్గింది సరిగ్గా ఆ రెండింట్లోనే.

హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సార్ వార్డెన్‌తో మాట్లాడి మెస్ బాకీని వాయిదాల్లో కట్టేలా ఒప్పించారు. నేను వాళ్లమ్మకు ఫోన్ చేశాను. “మావాడేం చేశాడమ్మా?” అని ఆవిడ కంగారు పడింది. వాడేమీ చేయలేదని, బాగా చదువుతున్నాడని, పొద్దున క్లాసులే పోతున్నాయని చెప్పాక కుదుటపడింది. సోమవారం నుంచి గురువారం దాకా పాల పని చిన్నాన్న చూసుకునేలా వాళ్లే మాట్లాడుకున్నారు. కంట్రోల్ సిస్టమ్స్ చెప్పే సార్ వెనకబడిన మరికొందరితో కలిపి వాణ్ణి సాయంత్రాలు కూర్చోబెట్టారు. ఆ పేపరు గట్టెక్కింది. డీఎస్పీ పోయింది, సప్లీలో రాశాడు.

ఇందులో యాప్ చేసింది నన్ను వాడి దగ్గరకు పంపడమే. అయినా ఏడో వారంలో పంపింది కాబట్టే మెస్ వాయిదాలకూ సాయంత్రం క్లాసులకూ వ్యవధి దొరికింది.

సొంత అలవాటుతో పోల్చడం గొప్ప అన్నాను గానీ, అలవాటంటూ ఏర్పడటానికి ముందు నాలుగు వారాలు గడవాలి. ఫస్టియర్ పిల్లలకు ఇల్లు గుర్తొచ్చి, హాస్టల్ తిండి సహించక, ఇంగ్లిష్‌లో చెప్పేది అర్థంకాక సతమతమయ్యేది ఆ నాలుగు వారాల్లోనే. అప్పుడు ఈ స్క్రీన్ ఖాళీగా ఉంటుంది. వాళ్ల కోసం నేను ఇప్పటికీ సీఆర్‌లనూ (క్లాసు ప్రతినిధులు) వార్డెన్‌నూ అడిగే తెలుసుకుంటాను.

రెండో ఇబ్బంది మా వైపు నుంచే. కొందరు కాగితం మీద హాజరు వేసుకుని శనివారం మొత్తం ఒకేసారి ఎక్కిస్తారు. దాంతో వారమంతా మౌనంగా ఉండి శనివారం సాయంత్రం అలర్టులు కుప్పలుగా వస్తాయి. ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపుకి వెళ్లినవాళ్ల ఆన్ డ్యూటీ (కాలేజీ పని మీద వెళ్లినందుకు ఇచ్చే హాజరు) ఆలస్యంగా ఎక్కితే చురుకైన పిల్లలంతా ఎర్రగా కనిపిస్తారు. పెద్ద సెక్షన్‌లో రానివాడికి ఇంకొకరు ప్రాక్సీ పలికితే ఆ గడి పచ్చగానే ఉంటుంది.

‘ఎంగేజ్‌మెంట్ స్కోర్’ అని ఇంకోటి ఉంది. దాన్ని చూడటం మానేశాను. పోర్టల్‌లో ఎన్నిసార్లు లాగిన్ అయ్యారన్నదే దాని ఆధారం. మా దగ్గర ఒకరు పీడీఎఫ్ దించుకుని వాట్సాప్ గ్రూపులో పెడితే సెక్షన్ మొత్తం అక్కడే చదువుకుంటుంది. దించినవాడికి మంచి స్కోరు, చదివినవాళ్లకు సున్నా.

నాకు నిజంగా కోపం తెప్పించింది ఆబ్సెంట్ ఎస్ఎంఎస్. మెంటర్‌కి అలర్ట్ వచ్చిన రోజే తండ్రి ఫోన్‌కీ మెసేజ్ వెళ్లేది. ఒక అమ్మాయి నాన్న ఆ మెసేజ్ పట్టుకుని బండి మీద వచ్చి, నేను ఆమెతో ఒక్క మాట మాట్లాడకముందే, క్లాసు బయట అందరి ముందూ అరిచాడు. ఆ తర్వాత ఆ అమ్మాయి నాకు ఏ విషయమూ చెప్పలేదు, ఎంత అడిగినా “ఏం లేదు మేడమ్” అనేది. పట్టుబట్టి అడిగితే, ఇంటికి మెసేజ్ వెళ్లేముందు మెంటర్‌కి రెండు రోజుల గడువు ఇచ్చే సెట్టింగు పెట్టారు. మెంటర్ నోట్స్ ఇప్పటికీ డిపార్ట్‌మెంట్‌లో అందరికీ కనిపిస్తాయి, అందుకే నేను అందులో ‘మాట్లాడాను’ అని తప్ప ఇంకేమీ రాయను.

అమెరికాలో జార్జియా స్టేట్ యూనివర్సిటీ 2012లో మొదలుపెట్టిన, విద్యార్థులు వెనకబడుతున్నారేమో పసిగట్టే వ్యవస్థ 800కు పైగా సూచికలను గమనిస్తుందని అందరూ చెబుతారు. దానితో పాటు వాళ్లు 42 మంది సలహాదారులను అదనంగా పెట్టుకున్నారు. యాప్ కొనే ముందు మేనేజ్‌మెంట్లు ఆ రెండో అంకెను చూడాలని నా కోరిక.

నా పరిస్థితి కాస్త అనుకూలమైంది. మెంటీలు 20 మందే, ఇల్లు కాలేజీకి దగ్గర, హెచ్‌ఓడీ మాట వింటారు. పక్క బ్రాంచిలో ఖాళీలు నింపక ఒక్కొక్కరికి 45 మంది దాకా ఉన్నారు. అక్కడ నా స్నేహితురాలు అలర్టులు తెరవడమే మానేసింది, ఆమెను నేను తప్పుపట్టలేను. అలాంటి చోట దీనికి డబ్బు పెట్టమని చెప్పే ధైర్యం నాకు లేదు. సరిపడినంత మంది మెంటర్లు మీకుంటే మాత్రం డెమోకి వచ్చినవాళ్లను మిగతావన్నీ పక్కన పెట్టి పీరియడ్ల వారీ పట్టిక చూపించమనండి. తల్లిదండ్రుల ఎస్ఎంఎస్‌ను ఆపి ఉంచే వీలుందో లేదో కూడా అప్పుడే అడగండి. మాకు ఆ సెట్టింగు రావడానికి ఒక సెమిస్టర్ పట్టింది.